కోర్టు లేచేదాకా

"రెండువేల రెండు కాదత్తా. ఆ ఏడాది రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పినారు. కమలాదేవి అన్న పేరే లేదు. సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"ఏమోరా ఉపేంద్రా. ఎప్పటి మాట. లేదంటే లేనట్టే. కేసు లేదని రాసీ, ఇంటికి పోదాం."

"అలాగ రాసీడానికి లేదు. నామినేషన్‌తో పాటు అఫిడవిట్టు ఇవ్వాలి. కేసుంటే నంబరు రాయాలి, శిక్ష పడితే ఏ శిక్షో రాయాలి. దాచినట్టు తేలిందా, ఓటుకి ముందే నిన్ను పక్కన పెట్టీస్తారు. ఎదటి పార్టీ వాళ్ళు అప్పుడే టీ కొట్టు దగ్గర చెప్పుకుంటన్నారు, ఆవిడ మీద మున్సిపాలిటీ కేసుంది అని."

మున్సిపల్ ఎన్నికల నామినేషన్లకి ఇంకా రెండు రోజుల గడువుంది. కోర్టు వరండాలో, రికార్డు రూము ఎదుటి బల్ల మీద కమలాదేవి, ఆమె అన్న కొడుకు ఉపేంద్ర కూర్చుని ఉన్నారు. ఆ కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడు ఉపేంద్ర. ఒక లాయరు దగ్గర గుమస్తాగా చేస్తున్నాడు.

"కంప్యూటర్లో అన్నీ కనపడతాయన్నావు కదరా మొన్న."

"ఈమధ్య కేసులు కనపడతాయి. పాతవి, అందులోనూ ఇలాంటి చిన్న కేసులు ఎవరు ఎక్కిస్తారు. రిజిస్టరే గతి. నంబరు తెలిస్తే ఐదు నిమిషాల పని. నంబరు తెలీదు, కనీసం ఏడాదైనా చెప్పమంటన్నారు. కాలవ మీదకి మనం రేకుల చావిడి దింపింది ఎప్పుడు?"

"దింపింది మీ మావ. నన్నడిగితే ఏం లాభం?"

"కొట్టు లైసెన్సు నీ పేరున ఉంది కదా. కేసు నీ మీదే పెట్టినారు."

"ఆడపేరు అయితే కలిసొస్తాదని పెట్టినాడాయన. కొట్టులో నేను ఏనాడు కూచున్నాను? గల్లాపెట్టె తాళం ఎలా ఉంటాదో ఇప్పటికీ తెలీదు."

"పోనీ కోర్టుకి వచ్చినప్పుడు ఎండాకాలమా, వానలా?"

"ఎండలే. వడియాల రోజులు."

"ఏ ఏడు?"

"ఏ ఏడంటే..."

"ఇంట్లో ఆ ఏడాది ఇంకేమైనా జరిగిందా? పెళ్ళో, గృహప్రవేశమో?"

"చిన్నతల్లి పని మానీసింది ఆ ఏడే."

"చీర పట్టుకుపోయిన చిన్నతల్లా?"

"ఊ."

"అయితే రెండువేల మూడు. నాకు బాగా గుర్తు. ఏడో తరగతి పరీక్షలు అయిపోయి మీ ఇంటికి వచ్చేసరికి ఆమె లేదు. పప్పు చెరుగుతూ నాకు బెల్లం ముక్క పెట్టేది. ఏదీ అంటే, వెంకటగిరి చీర పట్టుకుని ఉడాయించింది అన్నాడు మావ. నేను స్కూల్లో అందరికీ చెప్పినాను, మా అత్త చీర దొంగలు ఎత్తుకుపోయినారని. ఉండు, రెండువేల మూడు, ఏప్రిల్ చూడమని చెప్పి వస్తాను."

"ఒరే, ఇప్పుడు భోజనాల వేళ కదరా. రేపు చూసుకుందాం."

"రేపటికి పెడితే గడువు చాలదు. నువ్వు కూచో అత్తా. మంచినీళ్ళ సీసా అదిగో."

రెండు గంటలు గడిచాక ఉపేంద్ర మోచేతుల దాకా దుమ్ముతో, చేతిలో రెండు కాగితాలతో వచ్చాడు.

"దొరికింది. అదృష్టం చూడు. చిన్న కేసుల కట్టలు కొన్నేళ్ళకి తగలబెట్టీస్తారంట, రిజిస్టరొక్కటే ఉంచుతారంట. మన పక్క ఇనప సామాన్ల కొట్టు ఆయన ఆ రోజుల్లో అప్పీలుకి వెళ్ళినాడు కదా, ఆయన కట్టలో కలిసి మనది ఉండిపోయింది. రికార్డు రూము నరసింగరావు గారు నిచ్చెనెక్కి తీసినారు పాపం. పదేళ్ళలో ఈ కట్ట అడిగినవాళ్ళు మీరే అన్నారు. అర్జెంటు కాపీకి స్టాంపులు అంటించి, ముద్ర వేయించి తెచ్చినాను."

"ఉండిపోయిందా."

"అదేటి అలాగంటావు? దొరికిందని సంతోషించు."

"సంతోషమేలే. ఏటుంది అందులో?"

"ఇంగ్లీషులో ఉంది, చెప్తాను. ఇక్కడ ముద్దాయి పేరు. కమలాదేవి, భర్త నగరేశ్వరరావు, కిరాణా వ్యాపారం. ఈ గడిలో నేరం. మున్సిపాలిటీ కాలవ మీద అనుమతి లేకుండా రేకుల చావిడి. కింద, ముద్దాయిని నేరం చేసినావా అని అడిగితే చేసినాను అని ఒప్పుకున్నాది. ఒప్పుకుంది కాబట్టి సాక్షులతో పని లేకుండానే దోషి అని తీర్పు."

"అంతేనా?"

"శిక్ష ఉంది. మూడొందలు జరిమానా. దాని పక్కన ఇంకో ముక్క. కోర్టు లేచేదాకా ఖైదు."

"ఖైదా? జరిమానా అన్నారు గదరా. కట్టీసి రావడమే అన్నారు."

"జైలు కాదత్తా, కంగారు పడకు. పేరుకే ఖైదు. జడ్జిగారు ఆ రోజు పని ముగించి లేచేదాకా ముద్దాయి కోర్టు హాల్లోనే ఓ మూల కూచోవాలి. గుమ్మం దాటకూడదు. ఆయన లేస్తే శిక్ష అయిపోయినట్టు. నాకు చెప్పిస్తావేటి, కూచున్నది నువ్వే కదా."

"మర్చిపోయాను."

"పొద్దంతా కూచున్నది మర్చిపోయినావా?"

"ఎన్ని గంటలకి లేస్తారు?"

"ఎవరు?"

"జడ్జిగారు."

"ఐదుకి. పని ఎక్కువుంటే ఐదున్నర."

"మధ్యలో వదలరా? రెండింటికి?"

"ఆయన మధ్యాహ్నం భోజనానికి లేస్తే అది లెక్క కాదు. ముద్దాయి అక్కడే. ఏం, రెండింటికి ఏటి?"

"ఏం లేదు. రెండింటికి ఇక్కడే ఉన్నాదన్నమాట."

"ఎవరు?"

"ఎండ ఇటు తిరిగింది. ఆ పక్కకి జరుగుదాం."

"అత్తా, ఎవరు ఉన్నాది?"

"ఎవరో ఒకరులే. పద, పోదాం."

"పోదాం. పోయేముందు ఇది చూడు. ఒప్పుకోలు అడుగున వేలిముద్ర ఉంది. ఎడమ బొటనవేలు. నువ్వు ఎనిమిదో తరగతి చదివినావు. పాలవాడి కార్డు మీద కూడా పొడుగ్గా సంతకం పెడతావు. ఈ వేలు ఎవరిది?"

"నీకు తెలీనట్టు అడక్కు."

"నాకు నిజంగానే తెలీదు. చెప్తేనే తెలుస్తాది."

"మెల్లిగా మాటాడు. ఆ ప్లీడరు ఇటే చూస్తన్నాడు."

"చెప్పు."

"బజారంతా అలాగే చేసేవారురా. మేమే కనిపెట్టలేదు. మున్సిపాలిటీ కేసు పడితే షావుకారు కోర్టు మెట్లెక్కడు, మనిషిని పంపుతాడు. ఆ మనిషి వెళ్ళి షావుకారి పేరే తన పేరని చెప్పి, తప్పయిపోయింది బాబూ అని, జరిమానా కట్టి వచ్చీస్తాడు. గుమస్తా ఖాళీగా ఉంటే గుమస్తా, మూటలు మోసే కళాసీ ఖాళీగా ఉంటే కళాసీ. మన కాగితంలో ఆడపేరు ఉన్నాది. మగమనిషిని పంపితే కుదరదు. మీ మావ శృంగవరపుకోట చింతపండుకి వెళ్తూ, చిన్నతల్లిని పంపీ, పది నిమిషాల పని అన్నాడు."

"నువ్వు పంపినావు."

"పంపాను. పప్పు దుమ్ము చీరతో నేను షావుకారమ్మనంటే ఎవడు నమ్ముతాడు? నాది నీలం వెంకటగిరి చీర నేనే కట్టించాను. జడ వేసి, బొట్టు పెట్టి పంపాను. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాను."

"అంటే చీర ఆమె ఎత్తుకుపోలేదు."

"తిరిగి ఇవ్వలేదు కదా మరి. ఆ రోజు నుంచి మళ్ళీ రాలేదు. ఆ రోజే వాళ్ళమ్మ పోయింది."

"తెలిసి కూడా ఉడాయించిందనే చెప్పుకున్నారు."

"మీ మావ చెప్పుకున్నాడు. నేను ఊరుకున్నాను."

"అత్తా, ఒకరి పేరున ఇంకొకరు కోర్టులో నిలబడ్డం ఎంత తప్పో నీకు తెలుసా? నేను నేరం ఒప్పుకున్నాను, శిక్ష అనుభవించాను అని నీ చేత ఎలా రాయించను? నువ్వు అనుభవించలేదు కదా."

"రాయకపోతే ఏం చేస్తావు? కేసు లేదంటే కుదరదన్నావు. ఉందంటే కుదరదంటన్నావు."

"నాకు తోచడం లేదు. ఆమె ఇప్పుడెక్కడుంది?"

"శ్రీకూర్మం దాటాక వాళ్ళ ఊరే. విస్తళ్ళు కుడుతున్నాదని మన పిండిమర కుర్రాడు చెప్పాడు. ఆటో పిలు."

"ఎందుకు?"

"అది నోరు విప్పితే కదా గొడవ. ఓ మాట చెప్పుకుని వద్దాం."

"నోరు మూయించడానికా?"

"మాట చెప్పుకోవడానికన్నాను. పిలు."

ఇద్దరూ ఆటో ఎక్కారు. శ్రీకూర్మం గోపురం కనపడినప్పుడు కమలాదేవి అతని చేతిలోని కాగితాలు చూపించింది.

"ఒరే, ఆ ముక్క మళ్ళీ చదువు."

"ఏ ముక్క?"

"లేచేదాకా అన్నది."

"అందులో చదవడానికి ఇంకేముంది అత్తా. అంతే ఉంది."

"డబ్బు కట్టీసి పదకొండుకల్లా బయటపడింది, అటు నుంచి అటే ఎక్కడికో పోయింది అనుకున్నానురా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

"ఎవరూ చెప్పలేదా?"

"అడిగితే కదా చెప్పడానికి."

చిన్నతల్లి ఇంటి పంచలో అడ్డాకుల కట్టలు గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. వచ్చినవాళ్ళని చూసినా ఆమె చేతిలో ఈనుపుల్ల ఆగలేదు.

"కూకో సావుకారమ్మా. పీట నేదు, ఆ గోనె మీద కూకో. ఈ బాబు ఉపేంద్ర బాబు కదూ? బెల్లం గుంటడు. ఎంతయిపోనావు బాబూ."

"బాగున్నావా అక్కా?"

"అడ్డాకు దొరికినన్నాళ్ళు బాగానే ఉంతాను. ఇంత దూరం ఏటిలాగొచ్చినారు? సీర కోసమా?"

"చీర కోసం కాదు చిన్నతల్లీ."

"సీర నేదమ్మా, ముందే సెప్పీస్తన్నాను. సావింట్లోకి కట్టుకొచ్చీసినాను. మైలపడ్డ సీర పూజలు సేసే నీ ఇంటికి ఎలగ తెస్తాను? సాకలి మనిసి అడిగితే ఇచ్చీసినాను. బదులు కొనిద్దామంటే అలాటి సీర నాను కొనగలనా? ఆ మొకం ఎట్టుకుని మీ ఈదిలోకి మరి రానేదు."

"అందుకా నువ్వు రాకపోవడం?"

"అందుకే. సీర ఇవ్వకుండా పనికెలగ రాను? నువ్వడగవు. నువ్వడక్కపోతే మరీ సిగ్గు."

"ఆ రోజు చాలాసేపు కూచోబెట్టారంట కదా."

"కూకోబెట్టినారమ్మా. పేరేటన్నారు, నీ పేరు సెప్పినాను. తప్పు సేసినావా అన్నారు, సేసినానన్నాను. ఏలు ఏయించుకున్నారు. నువ్వు పదకొండుకల్లా వచ్చీమన్నావు కదా, మేడ మీద వడియాలకి కాకుల్ని తోలాలని. లెగిస్తే బంట్రోతు కూకో అన్నాడు. డబ్బు కట్టీసినాను కదా బాబూ అంటే నవ్వినాడు. ఎందుకు కూకోవాలో ఎవలూ సెప్పనేదు. నీ సీర నలిగిపోతాదని గోడకి ఆనుకోకుండా కూకున్నాను. పొద్దు వాలినాక ఇంక పొమ్మన్నారు."

"అప్పుడు ఊరొచ్చినావా అక్కా?"

"ఈదిలో ఆడోల్లు ఏడుస్తా ఎదురొచ్చి సెప్పినారు బాబూ, అమ్మ పోనాదని. మజ్జానం నుంచి నా పేరే పిలిసిందంట. అన్న నన్ను కిందికీ మీదికీ సూసినాడు. సీర సూసినాడు, జడ సూసినాడు. అమ్మ పేనం పోతంటే సింగారించుకుని ఎక్కడ తిరిగొస్తన్నావు అన్నాడు. అన్న నాతో మాటాడింది ఆ రోజే ఆకరు."

"కోర్టులో ఉన్నానని చెప్పలేకపోయావా?"

"సెప్పినానమ్మా. ఎవలి కేసు అన్నాడు. నీ సేతిలో సెయ్యేసినాను కదా, ఏటి సెప్పను? దినాలయ్యాక అన్న కోర్టుకే ఎల్లినాడు. ఆ రోజు కేసుల్లో సిన్నతల్లి అనే పేరున్నాదా అని అడిగినాడు. నేదన్నారు. ఏడాది పోనాక నాను కూడా ఎల్లినాను. సదువుకున్న గుంటడొకడు పుస్తకం తిప్పి నేదన్నాడు. నాను కూకున్న మూల నాకు అవుపిస్తనే ఉన్నాది. పుస్తకంలో మాత్తరం నాను అవుపించనేదు."

"నా పేరు చెప్పి వెతకమనాల్సింది."

"ఎలగ సెప్తాను? మాటిచ్చినాను కదమ్మా."

"పదకొండేళ్ళు."

"పదకొండేళ్ళు. అన్న గణపతి ఇల్లు ఈ ఈది ఆ సివర, నాది ఈ సివర. సుక్కురోరం అన్న కూతురి పెల్లి. ఈ ఇస్తల్లు దానికే. యేరే మనిసిని పంపి బేరమాడించినాడు. ఇస్తల్లు నావి కావాల, నాను వద్దు. మేనత్త నేకుండా పెల్లి సేస్తన్నాడు."

"అక్కా, ఆ కాగితం దొరికింది. ఇదిగో."

"నా కాయితమా బాబూ?"

"నువ్వు కూచున్న రోజుది."

"నా పేరున్నాదా?"

"పేరు అత్తది. వేలిముద్ర నీది."

"ఇదా. నల్లగా మసిలాగున్నాది. ఇది నా ఏలని అన్నకెలగ తెలుస్తాది బాబూ? పేరు సదివి, కమలాదేవి ఎవలో కూకున్నాది, నువ్వు కాదు కదా అంటాడు."

"నిజమే. ఈ కాగితం చూపిస్తే నీ మాట ఇంకా అబద్ధమవుతాది."

"ఇంక వదిలీ బాబూ. అమ్మగోరు ఏదో పని మీద వచ్చినారు, అదేటో సెప్పండి."

"నేనొచ్చిన పని అయిపోయింది. గణపతి ఇంట్లో ఉంటాడా ఇప్పుడు?"

"పందిరేయిస్తన్నాడు. నువ్వెందుకమ్మా? వాడు నమ్మడు. నిన్ను పట్టుకొచ్చి అబద్ధం ఆడించినానంటాడు."

"నన్ను చూస్తే నమ్ముతాడు."

"నిన్నెప్పుడు సూసినాడని?"

"నువ్వు కూడా రా."

"అత్తా, ఒక్క నిమిషం. అక్కడ చెప్తే ఊరంతా చెప్పినట్టే. రేపటికి మన బజారుకి వచ్చీస్తాది. మావ పోస్టర్లు కూడా అచ్చుకిచ్చీసినాడు."

"తెలుసు."

"ఓటుతో పోయేది కాదు. నీ మీద కొత్తగా కేసు పెట్టొచ్చు."

"పెడితే పెట్టనీ. కూచోమంటే కూచుంటాను. ఆ కాగితం ఇలా ఇయ్యి."

వీధి చివర పెళ్ళివారి ఇంటి ముందు పచ్చి తాటాకు పందిరి వేస్తున్నారు. చిన్నతల్లి పందిరి గుంజ దగ్గరే ఆగిపోయింది; కమలాదేవి గడప దాకా వెళ్ళింది.

"ఎవలు కావాలమ్మా?"

"గణపతివి నువ్వేనా?"

"నానే. దాన్నెందుకు ఎంటబెట్టుకొచ్చినారు? పెల్లి ఇల్లిది. దాని తరపున ఏటి సెప్పినా నాను విననమ్మా, ముందే సెప్పీస్తన్నాను."

"దాని తరపున కాదు, నా తరపున వచ్చాను. నన్ను గుర్తుపట్టావా?"

"ఎక్కడో సూసినట్టున్నాది."

"బజారులో కిరాణా కొట్టు. రేకుల చావిడి, పైన మేడ."

"ఆ కొట్టా."

"ఆ కొట్టే. పదకొండేళ్ళ కిందట మధ్యాహ్నం రెండింటికి, చెల్లిని అమ్మ పిలుస్తున్నాదని చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చి, కింద నుంచి అడిగావు. మేడ మీద కాకుల్ని తోలుకుంటూ, పనికే రాలేదు, ఎక్కడ తిరుగుతున్నాదో అన్నదాన్ని నేను. అప్పుడది నా చీర కట్టుకుని, నా పేరు చెప్పి, రెండు వీధుల అవతల కోర్టులో కూచుని ఉన్నాది."